విటమిన్ డి తక్కువేం లేదన్నారు, మరి ఈ డి ఆయింట్‌మెంట్ ఎందుకు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పదేళ్లుగా సోరియాసిస్ ఉంది. రెండు మోచేతుల మీద, రెండు మోకాళ్ల మీద, నడుం వెనక మచ్చలున్నాయి. ఒక్కోటి నా అరచేయంత ఉంటుంది. తలలో కూడా కొంచెం పొట్టు రాలుతుంది. ఇన్నాళ్లూ స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసేదాన్ని. రాస్తే వారం పది రోజుల్లో తగ్గేది, మానేస్తే మళ్లీ వచ్చేది. మోచేతుల దగ్గర చర్మం పలచబడిందని కొత్తగా చూసిన స్కిన్ డాక్టర్ గారు దాన్ని మాన్పించి, కాల్సిపోట్రయోల్ అనే ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు రాయమన్నారు. అది విటమిన్ డి మందట. కానీ రక్తపరీక్షలో నాకు విటమిన్ డి మామూలుగానే ఉంది! ఐదు వారాలుగా రాస్తున్నాను, 30 గ్రాముల ట్యూబు ఇంకా సగం ఉంది. పొట్టు కాస్త తగ్గిందేమో గానీ ఎరుపు అలాగే ఉంది. రాసిన చోట చురచురమంటోంది. పొట్టు త్వరగా ఊడాలని పొద్దున పూట పాత శాలిసిలిక్ యాసిడ్ ఆయింట్‌మెంట్ కూడా ఇందులో కలిపి రాస్తున్నాను. మా వదిన అయితే ‘విటమిన్ మందే కదా, గుళిక చిదిపి ఆ నూనె రాసుకుంటే పోలా’ అంటుంది. లోపలి నుంచి కూడా పని చేస్తుందని ఇంట్లో ఉన్న విటమిన్ డి గుళికలు రోజుకొకటి వేసుకుంటున్నాను. ఈ మందు వల్ల కిడ్నీల్లో రాళ్లు వస్తాయని ఎక్కడో చదివాను, అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. దీన్ని ఎన్నాళ్లు రాయాలి? మళ్లీ పాత స్టిరాయిడ్‌కే వెళ్లిపోనా?
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో అసలు సంగతి మీరు మాటవరసకు చెప్పి దాటేసిన చోట ఉంది. శాలిసిలిక్ యాసిడ్‌ను ఇందులో కలిపి రాస్తున్నానన్నారు. ఆ రెంటినీ కలిపితే కాల్సిపోట్రయోల్ పాడైపోతుంది. అది ఆమ్లానికి తట్టుకోలేని మందు. శాలిసిలిక్ యాసిడ్ తగలగానే దాని అణువు విరిగిపోవడం మొదలవుతుంది, కాసేపట్లో మీ చర్మం మీద మిగిలేది ఉత్త జిడ్డే. అంటే పొద్దున పూట మీరు రాస్తున్న మందు రాయనట్టే లెక్క. లాక్టిక్ యాసిడ్ ఉన్న మాయిశ్చరైజర్లతో కూడా ఇదే గొడవ. అందుకని ముందు మీరు చేయాల్సిన పని, ఇంట్లో వాడే క్రీములన్నీ ఒకచోట పెట్టి వెనక అచ్చు వేసిన పదార్థాల పేర్లు చదవడం. ఈ రెండు యాసిడ్లలో ఏది కనిపించినా ఈ ఆయింట్‌మెంట్ రాసే చోటికి దాన్ని రానివ్వకండి. పొట్టు మరీ దళసరిగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, మెత్తని బట్టతో అద్ది, యాసిడ్లు లేని మాయిశ్చరైజర్ రాయండి. అది ఇంకాక, ఓ అరగంట ఆగి మందు రాయండి. గోటితో పీకొద్దు. చర్మానికి గాయమైన చోటే కొత్త మచ్చ లేవడం సోరియాసిస్‌కు ఉన్న పాడు గుణం.

రెండో సంగతి ట్యూబు. ఐదు వారాల్లో సగం ట్యూబు, అంటే 15 గ్రాములు. చాలామంది దీన్ని పొదుపనుకుంటారు, నేను మాత్రం ఇది వైద్యం సగంలో ఆగిపోవడం అంటాను. లెక్క చూద్దాం. మామూలు ట్యూబు మూతిలోంచి, పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా ఒక గీతలా పిండితే వచ్చేది దాదాపు అర గ్రాము. ఆ అర గ్రాము వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మీవి ఐదు మచ్చలు, ఒక్కోటి అరచేయంత. అంటే ఒక పూటకు రెండున్నర గీతలు, సుమారు 1.25 గ్రాములు కావాలి. రెండు పూటలా రాస్తే రోజుకు 2.5 గ్రాములు, వారానికి 17.5 గ్రాములు. ఈ లెక్కన 30 గ్రాముల ట్యూబు మీకు పన్నెండు రోజులకే అయిపోవాలి. ఐదు వారాలకు దగ్గరదగ్గర మూడు ట్యూబులు. మీరు వాడింది అందులో ఆరో వంతు, ఆ ఆరో వంతులో పొద్దున పూటది యాసిడ్‌లో కలిసిపోయింది. ఇంత తక్కువ మందుతో పొట్టు కాస్తయినా తగ్గిందంటే, నాకైతే అది మంచి సూచనే అనిపిస్తోంది.

కాబట్టి ‘మందు పని చేయలేదు’ అని ఇప్పుడే తేల్చేయకండి, దానికి అసలు పని చేసే వీలే దొరకలేదు. స్టిరాయిడ్‌తో పోలిస్తే ఇది నిదానం కూడా. సరిగ్గా రాస్తే రెండు వారాలకు తేడా తెలియడం మొదలవుతుంది, పూర్తి ఫలితం చూడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ముందు పొట్టు తగ్గుతుంది, తర్వాత దళసరి తగ్గుతుంది, ఎరుపు అన్నిటికన్నా చివర్లో పోతుంది. పొట్టు, దళసరి పోయి చదునుగా ఎర్రగా మిగిలిన మచ్చను చూసి చాలామంది నిరాశపడి మానేస్తారు. ఆ దశలోనే ఓపిక పట్టాలి. మీరు సరైన కొలతతో రాయడం మొదలుపెట్టిన రోజు నుంచి ఈ వారాలు లెక్కేసుకోండి, గడిచిపోయిన ఐదూ వదిలేయండి.

ఇక మీ అసలు ప్రశ్న: విటమిన్ డి తక్కువ లేనప్పుడు ఈ మందు దేనికి? ఇది లోటు పూడ్చడానికి ఇచ్చింది కాదు. రక్తంలో డి మామూలుగా ఉన్నవాళ్లకూ, తక్కువ ఉన్నవాళ్లకూ సోరియాసిస్‌లో దీన్ని ఒకేలా రాసిస్తారు. మీకు చేసిన రక్తపరీక్షకూ ఈ ట్యూబుకూ సంబంధం లేదు.

చర్మం అడుగు పొరలో పుట్టిన కణం పైకి వచ్చి, గట్టిపడి, కంటికి కనిపించకుండా రాలిపోవడానికి మామూలుగా నెల దాకా పడుతుంది. సోరియాసిస్ మచ్చలో ఆ ప్రయాణం నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. పండకముందే రాలిన కాయల్లా, ముదరని కణాలు గుంపులుగా పైకొచ్చి ఒకదానికొకటి అతుక్కుని తెల్లటి పొలుసులవుతాయి. వెనక నుంచి ఈ తొందర పెట్టేది మన రోగనిరోధక వ్యవస్థే. టి కణాలనే తెల్లరక్తకణాలు దారి తప్పి, ఐఎల్-17 లాంటి రసాయన సంకేతాలు పంపి, పెరగండి పెరగండి అని చర్మకణాలను తరుముతుంటాయి.

చర్మకణాల లోపలా, ఆ టి కణాల లోపలా విటమిన్ డి రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. చురుకైన డి అణువు వచ్చి దాన్ని పట్టుకుంటే, ఆ జంట కణకేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది, కొన్నిటిని అణచిపెడుతుంది. దాంతో చర్మకణం విభజన తగ్గించుకుని, ముదరడం మీద పడుతుంది. అటు ఐఎల్-17 జోరు కూడా తగ్గుతుంది. మందు చేసేది ఇదే. దీన్ని టానిక్ లెక్కలో చూడకండి, కణానికి ఆదేశమిచ్చే హార్మోన్ లెక్కలో చూడండి.

మీ వదినగారి సలహా ఎందుకు కుదరదో కూడా ఇక్కడే తెలుస్తుంది. గుళికలో ఉండేది కోలికాల్సిఫెరాల్, అది ముడిసరుకు. ఎండ తగిలితే మన చర్మంలో తయారయ్యేదీ అదే. అది కాలేయంలో ఒక మార్పు, కిడ్నీలో ఇంకో మార్పు పొందితేనే కాల్సిట్రయోల్ అనే చురుకైన రూపంలోకి వస్తుంది. రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకోగలిగేది ఆ చివరి రూపమే. కాల్సిపోట్రయోల్‌ను ప్రయోగశాలలో ఆ చివరి రూపాన్ని పోలి ఉండేలానే తయారు చేశారు. కాలేయం, కిడ్నీల ప్రయాణంతో పని లేకుండా నేరుగా రిసెప్టర్‌ను పట్టుకుంటుంది. గుళిక చిదిపి రాసిన నూనె వల్ల చర్మం మెత్తబడుతుందేమో, అది కొబ్బరినూనె రాసినా మెత్తబడుతుంది.

కాల్సిట్రయోల్‌నే ఎందుకు రాయకూడదు, పోలికతో ఇంకోటి తయారు చేయడం ఎందుకని అనుమానం రావచ్చు. కాల్సిట్రయోల్ ఆయింట్‌మెంట్ కూడా ఉంది. అయితే చురుకైన డికి శరీరంలో పెద్ద ఉద్యోగం కాల్షియం పీల్చుకునేలా చేయడం. చర్మం కోసం ఇచ్చింది రక్తంలోకి చేరి కాల్షియాన్ని పెంచేస్తే ప్రమాదం. ఈ భయం ఉట్టిదేం కాదు. 1940లలో చర్మానికి వచ్చే క్షయకు కాల్సిఫెరాల్‌ను పెద్ద పెద్ద డోసుల్లో నోటి ద్వారా ఇచ్చేవారు. పుండ్లు మానేవి, కానీ కొందరికి కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్లేది. క్షయకు సరైన మందులు రాగానే ఆ పద్ధతి మూలపడింది. సోరియాసిస్ వైపు దారి తెరుచుకున్నది జపాన్‌లో. ఎముకలు గుల్లబారిన ఒక రోగికి డి రకం మందు నోటి ద్వారా ఇస్తుంటే, అతనికి ఎప్పటి నుంచో ఉన్న సోరియాసిస్ అనుకోకుండా తగ్గిపోయింది. దాన్ని గమనించిన వైద్యులు 1985లో ఆ సంగతి ప్రచురించారు. అప్పటి నుంచి అందరి ప్రయత్నమూ ఒకటే: చర్మం మీద చేసే మేలు ఉండాలి, కాల్షియం తంటా ఉండకూడదు.

డెన్మార్క్‌కు చెందిన లియో కంపెనీ తయారు చేసిన కాల్సిపోట్రయోల్ ఆ కోవలోదే, 1990ల మొదట్లో వాడకంలోకి వచ్చింది. డి అణువుకు ఉండే తోక లాంటి భాగాన్ని మార్చారు. రిసెప్టర్‌ను పట్టుకునే బలం అలాగే ఉంది గానీ, రక్తంలోకి చేరిన కొద్దిపాటిని కాలేయం చకచకా విరగ్గొట్టేస్తుంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో కాల్షియంపై దీని ప్రభావం కాల్సిట్రయోల్ కన్నా 100 నుంచి 200 రెట్లు తక్కువని తేలింది. జపాన్‌లో టాకాల్సిటోల్, మాక్సాకాల్సిటోల్ అనే అన్నదమ్ములు కూడా వచ్చాయి. మీ ట్యూబులో గ్రాముకు 50 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. అంటే గ్రాములో ఇరవై వేలో వంతు, మిగతాదంతా దాన్ని మోసే ఆధారమే.

కిడ్నీ రాళ్ల భయం దగ్గరికి వద్దాం. పెద్దవాళ్లకు కాల్సిపోట్రయోల్ హద్దు వారానికి 100 గ్రాములు. దానికి లోబడి రాసుకునేవాళ్లలో రక్తంలో కాల్షియం పెరగడం చాలా అరుదు. మీరు సరైన కొలతతో రాసినా వారానికి 17, 18 గ్రాములే, హద్దుకు అయిదో వంతు కూడా కాదు. ఒళ్లంతా మచ్చలున్నవాళ్లు ఆత్రంగా ట్యూబుల మీద ట్యూబులు పూసుకోవడం, కిడ్నీ జబ్బు ముందే ఉండటం, పైన కాల్షియం మాత్రలో డి మాత్రలో తోడవడం, ఇలాంటి చోట్ల వస్తుంది చిక్కు. అందుకని నాకు మీ ట్యూబు వల్ల భయం లేదు, మీరు రోజూ మింగుతున్న గుళికల వల్ల ఉంది. రక్తంలో డి మామూలుగా ఉందని మీరే అంటున్నారు. అలాంటప్పుడు ఎవరూ చెప్పకుండా రోజుకొకటి ఎందుకు? ఆ గుళిక ఎన్ని యూనిట్లదో మీరు రాయలేదు. పెద్దవాళ్లకు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదన్నది చాలా చోట్ల పాటించే పరిమితి. వారానికో నెలకో ఒకసారి వేసుకోవాల్సిన పెద్ద డోసు గుళికలు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటాయి, వాటిని రోజూ వేసుకుంటే కథ వేరే ఉంటుంది. ఈ రోజే ఆపేయండి. అట్ట మీద అంకె చూసి డాక్టర్ గారికి చెప్పండి, అవసరమనుకుంటే ఆయన రక్తంలో కాల్షియం, కిడ్నీ పరీక్షలు చేయిస్తారు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, కడుపులో తిప్పడం, నీరసం, మగతగా అయోమయంగా ఉండటం కాల్షియం పెరిగిన గుర్తులు. ఇవి ఉంటే అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగకుండా వెంటనే వెళ్లండి. మీకు గతంలో కిడ్నీ రాళ్లున్నా, బీపీకి థయజైడ్ రకం మాత్ర వేసుకుంటున్నా, ఆ సంగతి స్కిన్ డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. థయజైడ్లు మూత్రంలో పోవాల్సిన కాల్షియాన్ని ఆపేస్తాయి.

చురచుర సంగతి. ఈ మందుకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే: మచ్చ చుట్టూ ఉన్న మంచి చర్మం మీద మంట, దురద, కొంచెం ఎర్రబడటం. చాలామందికి మొదటి వారాల్లో ఉండి తగ్గిపోతుంది. మీ విషయంలో దానికి శాలిసిలిక్ యాసిడ్ ఆజ్యం పోస్తుండవచ్చు. అది ఆపితేనే సగం తగ్గుతుందని నా అంచనా. మచ్చ గీత దాటకుండా రాయండి, రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. అరచేతుల్లోనే మచ్చలున్నవాళ్లకు ఆ చివరి మాట వర్తించదనుకోండి. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు: మందు రాసిన వేలితో కన్ను నలుపుకోవడమో, బుగ్గ గోక్కోవడమో చేస్తారు. ముఖం మీద చర్మం దీనికి అస్సలు తట్టుకోదు, ఎర్రగా కందిపోతుంది. చంకలు, గజ్జల్లాంటి మడతల్లో కూడా మంట ఎక్కువ. అక్కడ అవసరమైతే కాల్సిట్రయోల్ కాస్త సున్నితమైనది, డాక్టర్లు దాన్నో మరోదాన్నో ఎంచుతారు. మంట భరించలేకుండా ఉంటే మీ అంతట మీరు మానేయకండి. కొన్నాళ్లు రోజుకు ఒక్కసారే రాయమనడం, లేదా స్టిరాయిడ్‌ను తోడు చేయడం లాంటి దారులు డాక్టర్ దగ్గర ఉన్నాయి.

ఎండ గురించి ఒక మాట. మందు రాసుకుని ఎక్కువసేపు ఎండలో ఉండకండి. అల్ట్రావయొలెట్ కిరణాల్లో ఎ రకం కాల్సిపోట్రయోల్‌ను పాడు చేస్తాయి. రేపు ఎప్పుడైనా మీకు ఫొటోథెరపీ ఇస్తే, అంటే లైటు వైద్యం, మందు దానికి ముందు కాకుండా తర్వాత రాసుకోవాలి. ఇంకొకటి ఎవరూ చెప్పరు: ఇలాంటి జిడ్డు ఆయింట్‌మెంట్లు ఇంకిన బట్టలు నిప్పు తగిలితే మామూలు బట్టల కన్నా త్వరగా అంటుకుంటాయి, ఉతికినా పూర్తిగా పోదు. మోచేతులకు రాసుకుని, పొడుగు చేతుల జాకెట్ వేసుకుని పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక స్టిరాయిడ్‌కు వెళ్లిపోనా అన్నారు. మీ బాధ అర్థమైంది. వారంలో తేడా చూపించే మందుకు అలవాటు పడ్డాక నెలన్నర ఆగమంటే ఎవరికైనా కష్టమే. స్టిరాయిడ్ చెడ్డదని నేను అనను, సోరియాసిస్‌కు అది ఇప్పటికీ మొదటి వరుస మందే. చెడ్డది ఏళ్ల తరబడి, ఎవరూ చూడకుండా, అదే చోట రాయడం. దాంతో చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, చిన్న దెబ్బకే కమిలిపోతుంది, రాను రాను పని చేయడం కూడా తగ్గుతుంది. మీ మోచేతుల దగ్గర డాక్టర్ గారు చూసింది అదే. డి మందుల గొప్ప అక్కడే ఉంది, వాటి వల్ల చర్మం పలచబడదు. వాటి లోపం, నిదానం, పైగా మంట. స్టిరాయిడ్ వేగంగా పని చేస్తుంది, మంటను కూడా అణుస్తుంది. ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది కదా, ఇద్దరినీ కలిపితే ఏమవుతుంది?

అలా కలిపే వచ్చింది కాల్సిపోట్రయోల్, బీటామెథాసోన్ అనే స్టిరాయిడ్ రెండూ ఒకే ట్యూబులో ఉండే మందు. రోజుకు ఒక్కసారి, సాధారణంగా నాలుగు వారాలు రాస్తారు. రెంటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చేసేదాని కన్నా ఇది మెరుగ్గా, త్వరగా పని చేస్తుంది. ఆయింట్‌మెంట్, జెల్, నురగ రూపాల్లో దొరుకుతుంది. తలకు జెల్ అయితే జుట్టు జిడ్డు ముద్ద కాకుండా ఉంటుంది, మీ తలలో పొట్టుకు దాని గురించి అడగండి. ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. మందుల షాపులో ఒక స్టిరాయిడ్ ట్యూబు, ఒక డి ట్యూబు కొని ఇంట్లో అరచేతిలో కలిపేస్తే ఇది తయారవదు. ఈ రెండు మందులకూ సరిపడే ఆమ్లత్వం వేరు. అవి ఒకే గూటిలో నిలవడానికి నీరు లేని ప్రత్యేకమైన ఆధారం కావాల్సి వచ్చింది. విడివిడిగా వాడాల్సి వస్తే వేర్వేరు పూటల్లో రాయిస్తారు. అదుపులోకి వచ్చాక వారమంతా డి మందు, వారాంతంలో మాత్రం స్టిరాయిడ్ అనే పద్ధతి కూడా పాతదే, ఇప్పటికీ బాగానే నడుస్తోంది.

మీ ఉత్తరంలో నాకు ఇంకో అనుమానం. పదేళ్ల స్టిరాయిడ్‌ను ఒక్కరోజులో ఆపేశారా, మెల్లగా తగ్గించారా? బలమైన స్టిరాయిడ్‌ను ఎక్కువ కాలం వాడి ఒక్కసారిగా ఆపితే సోరియాసిస్ రెట్టింపు కోపంతో తిరిగి రావచ్చు. ఇప్పుడు మీరు చూస్తున్న ఎరుపులో కొంత దాని వల్లే అయ్యుండొచ్చు, ఆ నింద కొత్త మందు మీద పడుతుండొచ్చు. వచ్చేసారి వెళ్లినప్పుడు ఇది తప్పకుండా అడగండి: ‘కొన్ని వారాలు రెండూ కలిసిన మందు ఇచ్చి, తర్వాత డి మందు మీదికి మార్చవచ్చా?’ నాకైతే మీకు ఆ దారే బాగుంటుందనిపిస్తోంది. పలచబడిన మోచేతుల వరకు ఏం చేయాలో మాత్రం చర్మాన్ని కళ్లతో చూసిన ఆయనే చెప్పాలి.

ఎన్నాళ్లు రాయాలి? మచ్చ చదునై, పొట్టు పోయి, చేత్తో తడిమితే మామూలు చర్మంలా తగిలేదాకా. ఆ తర్వాత ఆపి చూడవచ్చు, మళ్లీ మొలిస్తే మళ్లీ మొదలుపెట్టవచ్చు. స్టిరాయిడ్‌లా ఇది ఆపగానే ఎదురు తిరగదు. తరచూ తిరిగొచ్చే చోట్ల, మచ్చ కనిపించకపోయినా వారానికి రెండుసార్లు కలిపిన మందు నురగను రాస్తూ ఉంటే తిరగబెట్టడం తగ్గుతుందని ఏడాది పాటు సాగిన పరీక్షలో కనిపించింది. సోరియాసిస్‌ను ఏ ఆయింట్‌మెంటూ వేళ్లతో పెకలించదు. అలా పెకలిస్తామని ఎవరైనా డబ్బా అమ్మజూపితే దూరంగా ఉండండి. అలాంటి డబ్బాల్లో పేరు రాయని స్టిరాయిడ్ ఉన్న సందర్భాలు చాలా ఉన్నాయి. గర్భం కోసం చూస్తున్నా, గర్భంతో ఉన్నా ఈ మందు విషయం ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

మీ ట్యూబును ఇంట్లో ఇంకొకరికి ఇవ్వకండి. దురద, పొట్టు ఉన్నదల్లా సోరియాసిస్ కాదు. ఫంగస్ వల్ల వచ్చే తామరకు ఇది పని చేయదు, స్టిరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే తామర రూపు మారిపోయి గుర్తుపట్టలేకుండా పాకుతుంది. ఎగ్జిమాకు ఇంకా విచిత్రం: ప్రయోగశాలల్లో ఎలుకల చెవులకు ఎగ్జిమా లాంటి జబ్బు తెప్పించడానికి పరిశోధకులు పూసేది ఈ కాల్సిపోట్రయోల్‌నే. ఒకే అణువు ఒక జబ్బుకు మందు, ఇంకో జబ్బుకు నమూనా. బొల్లికి కొందరు డాక్టర్లు లైటు వైద్యానికి తోడుగా ఇస్తారు, ఫలితాలు మాత్రం అందరిలో ఒకేలా లేవు.

చివరిగా, మీరు రాయనిది ఒకటి అడగాలి. పొద్దున లేవగానే వేళ్లు గానీ, మడమలు గానీ, నడుము గానీ బిగుసుకుపోయి, అటూ ఇటూ తిరిగితే సడలుతోందా? ఏదైనా వేలు మొత్తం లావుగా వాచిందా? గోళ్ల మీద గుండుసూదితో గుచ్చినట్టు గుంటలున్నాయా? సోరియాసిస్ ఉన్నవాళ్లలో కొందరికి కీళ్లవాతం కూడా తోడవుతుంది. దాన్ని ఏ ఆయింట్‌మెంటూ ఆపలేదు, ఆలస్యమైతే కీళ్లు పాడవుతాయి. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా వచ్చే అపాయింట్‌మెంట్‌ను ముందుకు జరుపుకోండి. ఒళ్లంతా ఎర్రబడి చలి వేసినా, మచ్చల మీద చీము పొక్కుల్లాంటివి గుంపుగా లేచినా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఈ ట్యూబు, పాత స్టిరాయిడ్ ట్యూబు, శాలిసిలిక్ డబ్బా, గుళికల అట్ట అన్నీ సంచిలో వేసుకెళ్లండి. పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పడం కన్నా అవి బల్ల మీద పెడితే డాక్టర్ గారికి పని సులువవుతుంది.